ఆరేళ్ళ పిల్లాడికి డిస్నీ వరల్డ్‌లో స్ట్రోలర్ కావాలా, అక్కర్లేదా?

క్వీన్‌సిటీ_కోడలు (షార్లెట్)

అందరికీ నమస్తే. థాంక్స్‌గివింగ్ వారంలో ఆర్లాండో వెళ్తున్నాం. నేను, మావారు, మా అబ్బాయి, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు, మామగారు. కారులోనే ప్రయాణం. ఆర్లాండో పక్కన కిస్సిమ్మీలో వంటిల్లు ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. డిస్నీ పార్కుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, వరసగా రోజుకొకటి.

మా వాడికి అక్టోబర్‌లో ఆరు నిండాయి. 46 పౌండ్లు, 45 అంగుళాలు. వాడి స్ట్రోలర్ (పిల్లల తోపుడుబండి) ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాం. సాకర్ ఆడతాడు, ఇక్కడ క్యారోవిండ్స్ పార్కుకి తీసుకెళ్తే సాయంత్రం దాకా పరుగులే. అలాంటి వాడికి మళ్ళీ స్ట్రోలర్ కొనాలా? మావారు "అలిసిపోతే నేను ఎత్తుకుంటాలే" అంటున్నారు. అత్తగారు "అంత పిల్లాడిని బండిలో కూర్చోబెడితే నలుగురూ నవ్వుతారమ్మా" అంటున్నారు. మా ఆఫీసులో ఒకావిడ మాత్రం ఏడేళ్ళ పాపకి కూడా తీసుకెళ్ళానని చెప్పింది. డిక్కీలో చోటు కూడా సమస్యే. రైస్ కుక్కర్, కూలర్, ఐదుగురి సామాను. వెళ్ళొచ్చిన వాళ్ళు కాస్త చెప్పండి.

నడకరాయుడు (ఎడిసన్)

అక్కర్లేదండి. మా పాప అయిదేళ్ళప్పుడే స్ట్రోలర్ లేకుండా నాలుగు పార్కులూ చూసింది. పార్కు తెరవకముందే గేటు దగ్గర ఉండండి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బయటపడి, పిల్లాడిని పడుకోబెట్టి, సాయంత్రం మళ్ళీ రండి. స్ట్రోలర్ ఉందన్న ధైర్యంతోనే జనం పిల్లల్ని పొద్దున్నుంచి రాత్రి పది దాకా తిప్పేస్తారు. అది పిల్లల సుఖం కోసం కాదు, టికెట్ డబ్బులు రాబట్టుకోవడం కోసం.

ఆర్లాండో_ఆవకాయ (వింటర్ గార్డెన్)

నడకరాయుడు గారి ప్లాన్ మంచిదే, కానీ డిస్నీ హోటల్లో దిగినవాళ్ళకి. వీళ్ళుండేది కిస్సిమ్మీలో. మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు నుంచి మీ కారు దాకా రావడమే ఒక యాత్ర. పార్కింగ్ ఎక్కడో ఉంటుంది, పార్కు చెరువు అవతల ఉంటుంది. కారు పెట్టాక ట్రామ్ ఎక్కాలి లేదా నడవాలి. టికెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్‌కి వచ్చి, అక్కడ మోనోరైలో ఫెర్రీనో పట్టుకోవాలి. అప్పుడు గానీ గేటు రాదు. మధ్యాహ్నం ఇదంతా వెనక్కి చేసి, మళ్ళీ సాయంత్రం ముందుకి చేసి, రాత్రి ఇంకోసారి వెనక్కి చేయడం అంటే నిద్రపోయే టైమంతా దారిలోనే పోతుంది. మీ ఊరి క్యారోవిండ్స్‌తో పోల్చడానికి లేదు. అక్కడ పిల్లాడు ఏడిస్తే అరగంటలో ఇంట్లో ఉంటారు.

ఇంకో మాట. గేటు లోపల డిస్నీ వాళ్ళే స్ట్రోలర్లు అద్దెకిస్తారు. సింగిల్‌కి రోజుకి 15 డాలర్లు, డబుల్‌కి 31 తీసుకునేవాళ్ళు. వెళ్ళేముందు వాళ్ళ యాప్‌లో ధర ఒకసారి చూసుకోండి. గట్టి ప్లాస్టిక్ బళ్ళు అవి, ఆరేళ్ళ పిల్లలకి కూడా సరిపోతాయి. సింగిల్‌కి 50 పౌండ్ల దాకా అంటారు, కాబట్టి మీ వాడు హద్దులోనే ఉన్నాడు. ఒకే రోజు ఇంకో పార్కుకి వెళ్తే రసీదు చూపించి అక్కడ మళ్ళీ ఒకటి తీసుకోవచ్చు. కానీ గేటు దాటి బయటికి తీసుకెళ్ళనివ్వరు. రాత్రి బాణసంచా అయ్యాక, పిల్లాడు నిద్రలో జోగుతుంటే, సరిగ్గా అప్పుడే బండి వదిలేసి భుజాన వేసుకోవాలి. అక్కడి నుంచి ఫెర్రీ, ట్రామ్, కారు.

క్వీన్‌సిటీ_కోడలు

అయ్యో, అద్దె బండి బయటికి రాదని తెలియదు. కారు దాకా తోసుకెళ్ళొచ్చు అనుకున్నాను.

ఇద్దరుపిల్లలతల్లి (ఫ్రిస్కో)

మా పెద్దాడికి ఏడు, చిన్నదానికి నాలుగు ఉన్నప్పుడు వెళ్ళాం. చిన్నదానికి మాత్రమే స్ట్రోలర్ తీసుకెళ్ళాం. జరిగిందేంటంటే, చిన్నది మావారి భుజమ్మీద, పెద్దాడు స్ట్రోలర్‌లో! రోజూ అదే తంతు. వాడు నడవలేక కాదు, నడిచి నడిచి విసుగొచ్చి. మనం ఒక అడుగు వేసే చోట వాళ్ళు రెండు వేస్తారు కదా. మావారి వాచ్‌లో 20 వేల అడుగులు దాటిన రోజున వాడివి ఎన్నయి ఉంటాయో లెక్క వేసుకోండి.

అత్తగారి మాట గురించి కంగారు పడకండి. అక్కడ ఆరేళ్ళవాళ్ళు, ఏడేళ్ళవాళ్ళు బోలెడుమంది స్ట్రోలర్లలో కనిపిస్తారు. ఎవరూ ఎవరినీ చూడరు, అందరూ ఫోన్‌లో తర్వాతి రైడ్ టైమ్ చూసుకుంటూ ఉంటారు.

తెనాలి_తాతయ్య (ప్రస్తుతం అట్లాంటాలో)

నేను కూడా మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మేము ఏడెనిమిదేళ్ళ వయసులో అలిపిరి నుంచి కొండెక్కాం. 3,550 మెట్లు. బళ్ళూ లేవు, ఎత్తుకునేవాళ్ళూ లేరు. ఇప్పుడు పిల్లలకి కాళ్ళు నేలమీద పెట్టే పనే లేకుండా చేస్తున్నారు. నడిపించండమ్మా, ఏమీ కాదు.

ఇద్దరుపిల్లలతల్లి

తాతయ్యగారూ, కొండెక్కినవాళ్ళు దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, బస్సులో దిగి, ఇంటికొచ్చి పడుకుంటారు. మర్నాడు మళ్ళీ ఎక్కరు కదండీ! ఇక్కడ మూడు రోజులు వరసగా. పైగా మెట్లెక్కేటప్పుడు పిల్లలు ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. ఇక్కడ లైన్లో కూర్చునే వీలు తక్కువ, జనం కదులుతూనే ఉంటారు.

తెనాలి_తాతయ్య

అది నిజమే. అయితే మొదటి రోజు నడిపించి చూడండి.

ఫ్రిస్కో_నాన్న (ఫ్రిస్కో)

ఎవరూ అనని మాట ఒకటి. స్ట్రోలర్ లైన్లోకి రాదు! ప్రతి రైడ్ బయటా స్ట్రోలర్ పార్కింగ్ ఉంటుంది, అక్కడ పెట్టేసి లోపలికి వెళ్ళాలి. థాంక్స్‌గివింగ్ వారంలో పెద్ద రైడ్లకి గంటా, గంటన్నర నిలబడాల్సి వస్తుంది. ఆ నిలబడే సమయానికి స్ట్రోలర్ ఏ సాయమూ చేయదు. 45 అంగుళాలంటే స్పేస్ మౌంటెన్, ఎవరెస్ట్, అవతార్ ఫ్లైట్ అన్నీ ఎక్కొచ్చు, వాటికి 44 చాలు. ట్రాన్ ఒక్కటే కుదరదు, 48 కావాలి. అంటే మీ వాడు పొడవాటి లైన్లున్న రైడ్లు దాదాపు అన్నిటికీ అర్హుడే. నన్నడిగితే ముందు లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి చిన్న లైన్లో వెళ్ళే పాస్) కొనండి, తర్వాత స్ట్రోలర్ సంగతి ఆలోచించండి. ఐదుగురికీ అంటే ఖర్చే, ఒప్పుకుంటాను. అత్తగారు, మామగారు పెద్ద రైడ్లు ఎక్కరు కాబట్టి మీ ముగ్గురికి తీసుకుంటే చాలు.

నడకరాయుడు

అదే నేను చెప్పేది. లైన్లో నిలబడగలిగిన పిల్లాడు నడవలేడా?

ఆర్లాండో_ఆవకాయ

నడవగలడు. పొద్దున్న అందరూ నడవగలరు. నేను చూసినంతలో గొడవంతా సాయంత్రం ఐదు తర్వాతే మొదలవుతుంది. అప్పటిదాకా స్ట్రోలర్‌లో బ్యాగులూ, జాకెట్లూ తప్ప ఎవరూ ఉండరు. దాన్ని చూసి "దండగ కొన్నాం" అనుకుంటారు. ఏడున్నరకి అదే బండి దేవుడిలా కనిపిస్తుంది.

బాణసంచా గురించి ఒక జాగ్రత్త. మెయిన్ స్ట్రీట్‌లో, కోట ముందు ఆ సమయానికి జనం కిక్కిరిసిపోతారు. స్ట్రోలర్‌లో కూర్చున్న పిల్లాడికి పెద్దవాళ్ళ నడుములు తప్ప ఏమీ కనిపించవు, అయిపోగానే తోసుకుంటూ రావడం కూడా కష్టం. ముందే పక్కన చోటు చూసుకోండి. మీరు వెళ్ళే రోజున క్రిస్మస్ పార్టీ ఉందేమో కూడా చూసుకోండి. నవంబర్, డిసెంబర్‌లో కొన్ని రాత్రుళ్ళు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో విడిగా టికెట్ పెట్టి పార్టీ చేస్తారు. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్ళని సాయంత్రం ఆరింటికే పంపించేస్తారు. చాలామంది దీన్ని నష్టం అనుకుంటారు. చిన్నపిల్లలున్నవాళ్ళకి ఆ రోజే మేలని నా అభిప్రాయం. జనం తక్కువ, ఎనిమిదింటికి ఇంట్లో పప్పన్నం.

సీమ_చిన్నోడు (ర్యాలీ)

బ్రో, వ్యాగన్ తీసుకెళ్ళండి సింపుల్‌గా. మడత పెట్టే వ్యాగన్, బీచ్‌కి తీసుకెళ్తాం కదా, అది. పిల్లాడూ, సామానూ, కూలర్ అన్నీ అందులోనే.

ఆర్లాండో_ఆవకాయ

వద్దు! డిస్నీ వరల్డ్‌లో వ్యాగన్లు 2019 మే నుంచి నిషేధం. తోసే రకమైనా, లాగే రకమైనా గేటు దగ్గరే ఆపేస్తారు. స్ట్రోలర్‌కి కూడా కొలత ఉంది, వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదు. మామూలు స్ట్రోలర్లన్నీ ఇందులో ఇమిడిపోతాయి, పెద్ద జాగింగ్ డబుల్స్‌ని మాత్రం ఒకసారి కొలిచి చూసుకోవాలి. కూలర్‌లో విడి ఐస్ కూడా వద్దంటారు, ఐస్ ప్యాక్‌లు పెట్టుకోండి.

సీమ_చిన్నోడు

ఓహ్. మంచిది చెప్పారు, మేం మార్చిలో వెళ్దామనుకుంటున్నాం. కొనేవాణ్ణి.

నీలిరంగు_గొడుగు (శాన్ రమోన్)

కొంచెం వేరే విషయం, కానీ ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుంది. మా బాబుకి ఆటిజం ఉంది. ఎనిమిదేళ్ళు. నడకలో ఏ ఇబ్బందీ లేదు. కానీ జనం, శబ్దాలు, బ్యాండ్ మేళాలు వాడికి ఎక్కువైపోతాయి. పైన గొడుగులా కప్పు ఉన్న పెద్ద స్ట్రోలర్‌లో కూర్చుని, కప్పు కిందికి లాక్కుని, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే వాడికి అదొక గది. అందులోనే నెమ్మదిస్తాడు. ఇలాంటి అవసరం ఉన్నవాళ్ళు పార్కులో గెస్ట్ రిలేషన్స్ కౌంటర్‌లో అడిగితే స్ట్రోలర్‌ని వీల్‌చెయిర్‌లా వాడుకోవడానికి ఒక ట్యాగ్ ఇస్తారు. అది కట్టాక లైన్లోకి కూడా తీసుకెళ్ళొచ్చు. డబ్బులేమీ తీసుకోరు. లైన్లో నిలబడలేని పిల్లలకి డాస్ అని ఇంకో సదుపాయం ఉంది, దానికి ముందుగానే వీడియో కాల్‌లో మాట్లాడాలి. 2024లో ఆ నిబంధనలు మార్చారు కాబట్టి పాత పోస్టులు చూసి వెళ్ళకండి.

పెద్ద పిల్లాడు స్ట్రోలర్‌లో కనిపిస్తే "ఇంత పెద్దాడికి ఎందుకు" అనేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. ఎందుకో మీకు కనిపించకపోవచ్చు. ఈ చర్చలో ఎవరినీ ఉద్దేశించి కాదు.

ఇద్దరుపిల్లలతల్లి

చాలా మంచి మాట చెప్పారు అక్కా.

హైదరాబాదీ_పిన్ని (కూకట్‌పల్లి)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా చెల్లెలి పిల్లలు దసరాకి వస్తే రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్దామని. ఐదేళ్ళ పాప. అక్కడ కూడా స్ట్రోలర్ కావాలా?

ఫ్రిస్కో_నాన్న

అక్కర్లేదండి, అక్కడ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వాళ్ళ బస్సులే తిప్పుతాయి. ఎక్కుతూ దిగుతూ ఉండటానికి స్ట్రోలర్ ఉంటేనే ఇబ్బంది. టోపీ, నీళ్ళ సీసా మర్చిపోకండి.

క్వీన్‌సిటీ_కోడలు

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. రాత్రి మావారికి చదివి వినిపించాను. నడకరాయుడు గారి పోస్ట్ దగ్గర "చూశావా" అన్నారు, ఫెర్రీ, ట్రామ్ దగ్గర మాట్లాడలేదు. అసలు సంగతేంటంటే ఆయనకి పోయిన ఏడాది నడుంనొప్పి వచ్చి ఫిజియోథెరపీ చేయించుకున్నారు. 46 పౌండ్ల పిల్లాడిని ఎత్తుకుంటానంటే నాకే టెన్షన్. ఇంకో ప్రశ్న, మామగారికి మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో బాగానే తిరుగుతారు, వీల్‌చెయిర్ అంటే ఒప్పుకోరు. ఏం చేయాలి?

ఆర్లాండో_ఆవకాయ

మీరు పిల్లాడి గురించి అడుగుతున్నారు కానీ మీ ఇంట్లో ముందు అలిసిపోయేది ఆయనే. ఎప్‌కాట్‌లో వరల్డ్ షోకేస్ అని పదకొండు దేశాల మండపాలుంటాయి, ఒక చెరువు చుట్టూ. ఆ చుట్టే 1.2 మైళ్ళు. అక్కడికి చేరేముందు నడిచేది వేరే. స్ట్రోలర్లిచ్చే చోటే మామూలు వీల్‌చెయిర్లు కూడా అద్దెకిస్తారు. కరెంటు స్కూటర్లు కూడా ఉంటాయి గానీ, కొత్తవాళ్ళు ఆ జనంలో నడపడం కష్టం, పైగా వాటిమీద ఒక్కరే కూర్చోవాలి, మనవడిని ఒళ్ళో పెట్టుకుంటానంటే కుదరదు. పెద్దాయనతో ముందే "వీల్‌చెయిర్" అనకండి. అక్కడికి వెళ్ళాక, రెండు దేశాలు తిరిగాక, ఆయనే అడుగుతారు.

ఫ్రిస్కో_నాన్న

మా నాన్నగారు స్ట్రోలర్ తోస్తాననేవారు. హ్యాండిల్ పట్టుకుని నడిస్తే ఆయనకి ఆసరా, మాకు పిల్లాడి సంగతి తేలిక. కర్ర పట్టుకోవయ్యా అంటే పట్టుకోని మనిషి. అయితే దీనికి ఒకటే హ్యాండిల్ బార్ ఉన్న స్ట్రోలర్ కావాలి, రెండు వంకీల గొడుగు రకం కాదు.

మంజీర_తీరం (కేరీ)

మీరు నార్త్ కరోలినాలోనే ఉన్నారు కదా, ఒక ఉపాయం. ఆష్‌బరోలో జూ ఉంది. లోపల నడకదారులే ఐదు మైళ్ళ దాకా ఉంటాయి, ఎత్తుపల్లాలు కూడా. ట్రిప్‌కి ముందు ఒక శనివారం అక్కడ అందరూ తిరగండి. ఎవరు ఎప్పుడు కూర్చుంటారో చూడండి. మర్నాడు ఆదివారం మళ్ళీ ఎక్కడికైనా తీసుకెళ్ళండి. రెండో రోజు పిల్లాడు ఎలా ఉన్నాడో చూస్తే మీకే తెలిసిపోతుంది. మా పాప మొదటి రోజు జింకపిల్లలా తిరిగింది, రెండో రోజు పార్కింగ్ లాట్ దాటకముందే "ఎత్తుకో" అంది.

నడకరాయుడు

ఇది మంచి సలహా. బూట్లు కూడా అప్పుడే తేలిపోతాయి. కొత్త బూట్లతో ఎవరూ వెళ్ళకండి, చెప్పులతో అసలే వద్దు. ఆడవాళ్ళు చీరల మీద చెప్పులేసుకుని వచ్చి మధ్యాహ్నానికి బ్యాండ్-ఎయిడ్‌లు వెతుక్కోవడం చూశాను.

క్వీన్‌సిటీ_కోడలు

నిన్న ఆష్‌బరో వెళ్ళొచ్చాం. మా వాడు ఆఫ్రికా వైపంతా నడిచాడు. ఏనుగులు, జిరాఫీలు చూస్తూ అలసటే తెలియలేదు. నార్త్ అమెరికా వైపు తిరిగేసరికి నస మొదలు. మావారు భుజాలమీద కూర్చోబెట్టుకున్నారు, అది పోలార్ బేర్ దాకా. అక్కడ దించేసి "స్ట్రోలర్ చూడు" అన్నారు, అంతే. మామగారు బెంచీ కనిపించిన ప్రతిచోటా ఫొటో దిగుదామన్నారు 😀

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో వాడిన స్ట్రోలర్ ఒకటి 40 డాలర్లకి దొరికింది. ఒకటే హ్యాండిల్ బార్, 55 పౌండ్ల దాకా మోస్తుందని స్టిక్కర్ మీద ఉంది, మడిస్తే సన్నగా ఉంటుంది. మా వాడిని కూర్చోబెట్టి చూశాను, తల కప్పుకి తగల్లేదు, కాళ్ళు కొంచెం కిందికి వేలాడుతున్నాయి. "ఐ యామ్ నాట్ ఎ బేబీ" అని దిగిపోయాడు. ఏం చేయాలో చెప్పండి.

ఇద్దరుపిల్లలతల్లి

ఏమీ చేయకండి, ఎక్కమని అడగకండి. "ఇది తాతగారికి నడవడానికి, మన సామాను పెట్టడానికి" అనండి. సాయంత్రానికి వాడే ఎక్కుతాడు. కాళ్ళు పెట్టుకునే చోటు అందేలా ఉందో లేదో మాత్రం చూడండి, వేలాడితే మొద్దుబారిపోతాయి.

ఇంకొన్ని గుర్తొచ్చాయి. స్ట్రోలర్ పార్కింగ్‌లో మీరు పెట్టినచోటే ఉంటుందనుకోకండి, అక్కడి సిబ్బంది వరసల్లో సర్దుతూ ఉంటారు. వందల బళ్ళలో మీది తెలియాలంటే హ్యాండిల్‌కి ఏదైనా పాత చున్నీ ముక్క కట్టండి. మేం ఎర్ర బాంధనీది కట్టాం, ఆమడ దూరం నుంచి కనిపించేది. అత్తగారి, మామగారి పాస్‌పోర్టులు, డబ్బులు బండిలో వదలకండి. పెరుగన్నం డబ్బా వదలొచ్చు. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దు, పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి.

ఆర్లాండో_ఆవకాయ

పార్కింగ్ ట్రామ్ ఎక్కేటప్పుడు స్ట్రోలర్ మడవాలి. మోనోరైల్, ఫెర్రీలో మడవక్కర్లేదు, అలాగే తోసుకెళ్ళొచ్చు. పిల్లాడు నిద్రపోతే ట్రామ్ వదిలేసి కారు దాకా నడిచేయండి, లేపి మడిచే బాధ తప్పుతుంది. నవంబర్ కాబట్టి ఎండ, వాన గొడవ మీకు తక్కువ. జూన్, జులైలో వచ్చేవాళ్ళు మాత్రం వాన కవర్ కొనుక్కోండి, ఇక్కడ మధ్యాహ్నం ఉరుములతో వాన దాదాపు రోజూ ఉంటుంది. స్ట్రోలర్ బయట తడుస్తూ ఉంటుంది, మీరు లోపల రైడ్‌లో ఉంటారు.

క్వీన్‌సిటీ_కోడలు

వెళ్ళొచ్చాం! అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాను.

యానిమల్ కింగ్‌డమ్‌లో మొదటి రోజు. స్ట్రోలర్ దాదాపు ఖాళీగానే తిరిగింది. దారులు సన్నం, మలుపులు ఎక్కువ, జనంలో తోయడం కష్టమైంది. సఫారీ బండిలో కూర్చున్న కాసేపు అందరికీ విశ్రాంతి. అక్కడొక్క చోటికే అయితే తీసుకెళ్ళక్కర్లేదు అంటాను. అవతార్ ఫ్లైట్ కోసం నిలబడిన లైన్లో మాత్రం ఫ్రిస్కో_నాన్న గారి మాట పదిసార్లు తలుచుకున్నాం.

మ్యాజిక్ కింగ్‌డమ్ రోజు వేరే కథ. మధ్యాహ్నం నాలుగింటికే ఎవరూ చెప్పకుండా ఎక్కి కూర్చున్నాడు. రాత్రి బాణసంచా మధ్యలోనే నిద్ర. అంత శబ్దంలో! ఫెర్రీలో కూడా లేవలేదు. ట్రామ్ వదిలేసి కారు దాకా నడిచాం, చాలా దూరం అనిపించింది, కానీ మావారి నడుం బాగానే ఉంది.

ఎప్‌కాట్‌లో మామగారు మెక్సికో, నార్వే దాకా స్ట్రోలర్ తోసుకుంటూ బాగానే వచ్చారు. చైనా దగ్గర కూర్చుండిపోయారు. మావారు వెనక్కి వెళ్ళి వీల్‌చెయిర్ తెచ్చారు. "నాకెందుకురా" అన్నారు గానీ కూర్చున్నారు. అక్కడి నుంచి ఒక బండి నేను, ఒక బండి మావారు. అత్తగారు మాత్రం మొత్తం నడిచారు, ఆవిడే అందరికంటే గట్టి! నవ్వినవాళ్ళు ఎవరూ లేరు, మా అత్తగారే మూడో రోజు "నన్నూ కూర్చోబెట్టండర్రా" అని నవ్వారు.

సీమ_చిన్నోడు

సూపర్ అక్కా. మాకు మార్చిలో, ఎనిమిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. డబుల్ తీసుకోవాలా, సింగిలా?

ఆర్లాండో_ఆవకాయ

విమానంలోనా, కారులోనా?

సీమ_చిన్నోడు

విమానం. డిస్నీ హోటల్.

ఆర్లాండో_ఆవకాయ

అయితే సింగిల్ తెచ్చుకోండి, బస్సులో ఎక్కించాలి కాబట్టి తేలికైనది చూసుకోండి. పాప అలిసిపోయిన రోజున గేటు లోపల ఇంకొకటి అద్దెకు తీసుకోండి. హోటల్ దగ్గరే కాబట్టి మీకు నడకరాయుడు గారి మధ్యాహ్నం నిద్ర ప్లాన్ పనికొస్తుంది.

నడకరాయుడు

ఎట్టకేలకి!